మెల్లగా నడచు పిల్లలకు న్యాయము

పాఠశాలలో ఇద్దరు బిడ్డలను సమాజము సులభముగా గుర్తించును. చురుకైన బిడ్డను చూచి సంతోషించును. స్పష్టమైన వైకల్యముగల బిడ్డను చూచి కనికరించును. ఈ ఇద్దరి నడుమ మూడవ బిడ్డ యొకడు కూర్చుండియున్నాడు. వాని మాట సామాన్యముగానే యుండును. ఆట సామాన్యముగానే యుండును. రూపములో ఏ లోపమును కనబడదు. అయితే పాఠము ఒక్కసారి చెప్పిన వానికి అందదు. రెండుసార్లు చెప్పినను నిలువదు. అయిదారు మారులు, వస్తువును చేతికిచ్చి, నిదానముగా చెప్పినచో అందును. అంతటి ఓపిక తరగతిలో దొరకదు గనుక వానికి సోమరియనియు, మొద్దు అనియు పేరు వచ్చును. ఈ బిడ్డకు న్యాయమనగా ఏమి? అందరితో సమానముగా చూచుటయా? అందరికంటె వేరుగా చూచుటయా? ఇది ఉపాధ్యాయుల వృత్తికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మనుష్యుని విలువ దేనినిబట్టి నిర్ణయింపబడునను ధర్మప్రశ్న ఇందులో ఇమిడియున్నది.

మనశ్శాస్త్రజ్ఞులు ఈ స్థితిని సరిహద్దు మేధాస్థాయి యందురు. ఆసుపత్రి కాగితములపై బార్డర్‌లైన్ అని వ్రాయుదురు. ఐక్యూ అని వాడుకలో పిలువబడు ప్రజ్ఞాలబ్ధి సగటున 100 ఉండునట్లు ఆ కొలత ఏర్పరచబడినది. అది సుమారు 70కి దిగువనుండి, దైనందిన జీవితపు పనులలోను వెనుకబాటు కనబడినచో దానిని మేధావైకల్యమందురు. 70కిని 85కిని మధ్యనుండువారు సరిహద్దులోనివారు. ఆ కొలత ఏ లెక్కపై నిర్మింపబడినదో ఆ లెక్క ప్రకారము నూటికి 13 లేక 14 మంది ఈ భాగములోనికి వత్తురు. అనగా 40 మంది గల తరగతిలో సుమారు అయిదుగురు. మేధావైకల్యముగల పిల్లలకంటె వీరి సంఖ్య అనేక రెట్లు అధికము; వీరినిగూర్చిన ఆలోచన మాత్రము బహు స్వల్పము.

ఈ ప్రశ్న హథ్‌ఖోజ్ వంటి చోట మరింత చిక్కుపడును. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందమువలన భిలాయి ఉక్కు కర్మాగారము పుట్టినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని మొదటి కొలిమిని ప్రారంభించెను. ఆ కాలమునుండి దేశపు నలుదిక్కులనుండి వచ్చిన కార్మికులతోపాటు తెలుగు కుటుంబములును అక్కడ స్థిరపడినవి. ఉక్కు పట్టణము నానుకొని, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దుర్గ్ జిల్లాలో నున్న పారిశ్రామిక ప్రాంతమే హథ్‌ఖోజ్. అక్కడి షెడ్లలో ఇనుమును కోయుదురు, అతుకుదురు, పోతపోయుదురు. అట్టి షెడ్డులో వెల్డింగు పనిచేయు తెలుగువాని పది సంవత్సరముల కుమారుని తలంచుకొనవచ్చును. వాడు ఇంటిలో తెలుగు మాటలాడును. వీధిలో ఛత్తీస్‌గఢీ మాటలాడును. బడిలో హిందీ వినును. కొన్ని పుస్తకములలో ఆంగ్లము చూచును. వాడు నాలుగవ తరగతిలో పాఠము చదువలేకపోయినయెడల, లోపము వాని బుద్ధిలో నున్నదా, వానికి పాఠము చెప్పిన భాషలో నున్నదా? తొందరపడి తీర్పు చెప్పుట తగదు.

ఇట్టి తీర్పులవలన కలిగిన కీడును లోకము ఎరిగియున్నది. 1969లో అమెరికాలో జరిగిన ఒక సమావేశపు నివేదికకు 'ఆరు గంటల మందబుద్ధి బిడ్డ' అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. బడిలో గడుపు ఆరు గంటలు మాత్రమే మందబుద్ధి యనిపించుకొని, మిగిలిన కాలమంతయు ఇంటిలోను వీధిలోను సమస్త కార్యములను చక్కబెట్టు పిల్లలనుగూర్చి ఆ నివేదిక మాటలాడెను. 1979లో కాలిఫోర్నియా న్యాయస్థానమొకటి, నల్లజాతి పిల్లలను ప్రజ్ఞాపరీక్షల ఆధారముతో వెనుకబడిన తరగతులకు పంపుట అన్యాయమని తీర్పిచ్చెను. తెలుగువారికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యము కలదు. శ్రీకాకుళ ప్రాంతీయుడైన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరల భాషను నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించెను. చదువు రాదని లోకము త్రోసివేసిన పిల్లలకు వారి భాషలో చదువు చెప్పవచ్చునని ఆయన చూపెను.

కాబట్టి బిడ్డకు పేరు పెట్టకముందు పెద్దలు చేయవలసిన పనులు కొన్ని యున్నవి. చెవి సరిగా వినబడుచున్నదా, కన్ను సరిగా కనబడుచున్నదా యని పరీక్షింపవలెను. రక్తహీనత, థైరాయిడ్ లోపము, పైకి తెలియకుండ క్షణకాలము స్పృహ తప్పించు మూర్ఛ మున్నగువాటిని వైద్యుడు చూడవలెను. బోధన సరిగా జరిగినదా యనియు అడుగవలెను. 2022లో దేశపు గ్రామములలో జరిగిన అసర్ సర్వేలో 5వ తరగతి పిల్లలలో సగముమందియైనను 2వ తరగతి పాఠమును చదువలేకపోయిరి. వారందరు మందబుద్ధులు కారు గదా! ఇవన్నియు చూచిన పిమ్మట, బిడ్డ ఎరిగిన భాషలో, శిక్షణపొందిన మనశ్శాస్త్రజ్ఞునిచేత పరీక్ష జరుగవలెను. 1984లో సికింద్రాబాదులో స్థాపింపబడిన జాతీయ సంస్థ, నేడు మేధావైకల్యముగల వ్యక్తుల సాధికారత సంస్థయను పేరుతో ఈ విషయమై సేవచేయుచున్నది.

కొలత నెట్లు ఉపయోగింపవలెనో దానిని మొదట తయారుచేసినవాని చరిత్రయే బోధించును. 1904లో ఫ్రాన్సు ప్రభుత్వము, సామాన్య తరగతిలో సాగలేని పిల్లల విషయము విచారించుటకు ఒక సంఘమును నియమించెను. దాని ఫలితముగా 1905లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ అనువారు మొదటి ప్రజ్ఞాపరీక్షను సిద్ధపరచిరి. సహాయము అవసరమైన బిడ్డను కనుగొని సహాయమందించుటయే దాని ఉద్దేశము. బిడ్డ బుద్ధి పుట్టుకతోనే నిర్ణయమైపోయినదనియు, ఇక మార్పులేదనియు చెప్పువారిని బినే గట్టిగా ఖండించెను. అవధానమును జ్ఞాపకశక్తిని సాధనచేత పెంపొందింపవచ్చునని నమ్మి, అందుకు అభ్యాసములను కూడ ఏర్పరచెను. అయితే 1911లో ఆయన మరణించిన తరువాత అనేకులు ఆ కొలతను తలుపు తెరచుటకు గాక తలుపు మూయుటకే వాడిరి.

ఆ కొలతలోని గీత కూడ స్థిరమైనది కాదు. 1961లో అమెరికా మానసిక లోప సంఘము ఇచ్చిన నిర్వచనము ప్రకారము సుమారు 85కి దిగువనున్నవారు సహితము మానసికముగా వెనుకబడినవారి లెక్కలో చేరగలిగిరి. 1973లో అదే సంఘము ఆ గీతను 70కి దించెను. ముందటి దినమున లెక్కలోనున్న బిడ్డ మరుసటి దినమున లెక్కలో లేకపోయెను. అవమానకరమైన పేరు తొలగిపోయినది, అది మేలే. అయితే పేరుతోకూడ అనేకులకు సహాయమును తొలగిపోయినది. ఇంతలో ఆ బిడ్డలో మారినదేదియు లేదు. గీత గీయునది మనుష్యుడు. గీతకు ఇవతలనో అవతలనో నిలువబడునది ప్రాణముగల బిడ్డ. గీత మారినంతమాత్రమున బిడ్డయెడల పెద్దలకుగల బాధ్యత మారునా?

మన దేశపు చట్టములోను ఈ బిడ్డ నడుమనే నిలిచియున్నాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అందులో మేధావైకల్యము కలదు. చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట వంటివానిలో కలుగు ప్రత్యేక అభ్యసన వైకల్యము కలదు. సరిహద్దు మేధాస్థాయి లేదు. తలిదండ్రులు ధ్రువపత్రము కొరకు ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి తిరిగి, బిడ్డకు వచ్చిన అంకె కొంచెము ఎక్కువైనందున వట్టిచేతులతో మరలివచ్చుట కలదు. తమ బిడ్డకు ఇంకను తక్కువ వచ్చియుండిన బాగుండెడిదని తలిదండ్రులు కోరుకొనవలసి వచ్చుట ఎంత విషాదము!

అయినను ధ్రువపత్రము అక్కరలేని ధర్మమొకటి చట్టములోనే వ్రాయబడియున్నది. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 24వ విభాగము ఉపాధ్యాయుని విధులను చెప్పుచు, ప్రతి బిడ్డ నేర్చుకొను శక్తిని అంచనావేసి, దానినిబట్టి కావలసిన అదనపు బోధన చేయవలెనని విధించుచున్నది. 17వ విభాగము బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి హింసించుటను నిషేధించుచున్నది. 'ప్రతి బిడ్డ' యను మాటలో ఈ మూడవ బిడ్డయు చేరియున్నాడు. వానిని మొద్దు అని తరగతి యెదుట పిలుచుట దుర్గుణము మాత్రమే కాదు, చట్టవిరుద్ధమైన కార్యము.

ఇట్టి పిల్లలయెడల జరుగు తప్పులు సాధారణముగా రెండు. మొదటిది, ఏమియు నేర్పకయే పై తరగతికి నెట్టుట. 2009 చట్టము మొదట 8వ తరగతి ముగియువరకు ఎవరిని నిలిపివేయరాదని చెప్పెను. దానితోకూడ చేయవలసిన అదనపు బోధనను అనేక చోట్ల మరచి, నిలిపివేయకుండుటను మాత్రమే పాటించిరి. ఫలితముగా 3వ తరగతి లెక్క రాని బిడ్డ 8వ తరగతి బల్లపై కూర్చుండి, దినమునకు ఆరు గంటలు అర్థముకాని మాటలు వినవలసివచ్చెను. రెండవది, అదే తరగతిలో అదే పాఠమును అదే రీతిగా మరల చెప్పుట. 2019 సవరణ 5, 8 తరగతులలో పరీక్ష పెట్టుటకును, తప్పినవారికి అదనపు బోధనచేసి రెండు నెలలలో మరల పరీక్షించుటకును, అప్పటికిని తప్పినచో నిలుపుటకును ప్రభుత్వములకు అవకాశమిచ్చెను. నెట్టుట దయవలె కనబడును. నిలుపుట న్యాయమువలె కనబడును. బోధనరీతి మారనియెడల మొదటిది దయ కాదు, రెండవది న్యాయమును కాదు. ఒకటి బిడ్డను విడిచిపెట్టుట, రెండవది బిడ్డను శిక్షించుట.

మరి న్యాయమేది? అందరికి ఒకే పాఠము, ఒకే కాలము, ఒకే పరీక్ష ఇచ్చుట సమానత్వమని అనేకుల అభిప్రాయము. ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబు తన అన్నయైన ఏశావును కలిసికొనిన వృత్తాంతము కలదు. ఏశావు కలిసి ప్రయాణము చేయుదమనెను. యాకోబు అందుకు సమ్మతింపక, పిల్లలు పసివారనియు, పాలిచ్చు మందలు తనతో నున్నవనియు, ఒక్కదినము వడిగా తోలినచో మంద చచ్చుననియు చెప్పి, పిల్లల నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని విన్నవించెను. ఏశావు నాలుగువందలమంది మనుష్యులతో వడిగా పోగలిగినవాడు. యాకోబు తన శక్తినిబట్టి గాని, ఏశావు శక్తినిబట్టి గాని ప్రయాణమును కొలువలేదు. నడువవలసినవారి నడకనుబట్టి కొలిచెను. ప్రయాణమును మానలేదు. వేగమును మార్చెను. మెల్లగా నేర్చుకొను బిడ్డకు న్యాయమిదియే. వానికి జాలి చాలదు, మినహాయింపు చాలదు. వానికి రావలసినది కాలము.

ఉక్కుపని యెరిగినవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. దళసరి ఉక్కును వేడి తగ్గకముందే తొందరగా చల్లార్చినయెడల పైకి కనబడని చీలికలు లోపల పుట్టవచ్చును. అందుచేత పూర్వము రైలుపట్టాలను మూసిన గుంటలలో పెట్టి నిదానముగా చల్లార్చెడివారు. ఇనుముకు తగిన కాలము నిచ్చుట ఎరిగిన సమాజము బిడ్డకు ఇచ్చుటకు ఏల వెనుకాడవలెను?

కాలమిచ్చుట యనగా ఊరక వేచియుండుట కాదు. పాఠమును చిన్న మెట్లుగా విడగొట్టవలెను. ఒకేసారి మూడు ఆజ్ఞలు చెప్పక ఒక్కొక్కటి చెప్పి, ఆ మాటను బిడ్డచేత తిరిగి చెప్పించుకొనవలెను. అంకెలకు ముందు వస్తువులు రావలెను: కూడికకు నాణెములు, భిన్నములకు రొట్టె ముక్కలు, కొలతలకు తండ్రి షెడ్డులో వాడు టేపు. నేడు నేర్పినదానిని రేపును, వారము దినముల తరువాతను, నెల తరువాతను మరల అడుగవలెను. ఒక్కదినమే పదిమారులు వల్లించుటకంటె ఇది మేలు. బిడ్డ ఏ తరగతిలో కూర్చుండెనో చూడక, ఏ మెట్టుపై నిలిచియున్నాడో చూచి అక్కడనుండి నేర్పవలెను. పరీక్షలో ప్రశ్న చిన్న వాక్యములలో నుండవలెను. బిడ్డ నిన్నటికంటె నేడు ఎంత నేర్చెనో చూపి మెచ్చుకొనవలెను గాని, ప్రక్కవానితో పోల్చి మెచ్చుకొనరాదు.

ఇందుకు ఆక్షేపణ చెప్పువారు కలరు. 40 మందిని చూచుకొను ఒక్క ఉపాధ్యాయుడు అయిదుగురికి కాలమిచ్చినయెడల ముప్పదియైదుమంది కాలమును దొంగిలించుట కాదా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే, ఉపాధ్యాయునిపై మోపబడు భారము నిజమైనదే. అయితే చిన్న మెట్లు, చేతికిచ్చు వస్తువులు, మరల అడుగుట, ఇవి తక్కిన పిల్లలకును మేలుచేయును. ముందుగా నేర్చుకొనిన బిడ్డ ప్రక్కనున్నవానికి చెప్పుటవలన తానును గట్టిగా నేర్చుకొనును. మిగిలిన కొరతను ఉపాధ్యాయుడొక్కడే తీర్పలేడు. సాయంకాలము ఒక గంట కూర్చుండి చదువు చెప్పగల పదవీవిరమణ పొందిన పెద్దలును, కళాశాల విద్యార్థులును ప్రతి పేటలో నున్నారు. ప్రార్థనామందిరముల గదులు వారములో అయిదు దినములు ఖాళీగానే యుండును.

తొమ్మిది, పది తరగతులకు వచ్చునప్పటికి మార్గము మరింత ఇరుకగును. ఇక్కడ తలిదండ్రులు తెలిసికొనవలసిన తలుపొకటి కలదు. 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థద్వారా 10వ తరగతి పరీక్షను ఒక్కసారి గాక విడివిడిగా వ్రాయవచ్చును. అయిదు సంవత్సరములలో తొమ్మిది అవకాశములుండును. ఉత్తీర్ణమైన విషయము నిలిచియుండును. గణితము తప్పనిసరి కాదు. తెలుగులో వ్రాయుటకును వీలున్నది. ఐటిఐలలో వెల్డరు వంటి కొన్ని వృత్తులకు 8వ తరగతి విద్య చాలును. ఇది తక్కువ మార్గము కాదు, నెమ్మదియైన మార్గము.

దీనికి బదులు 7వ తరగతిలోనే బిడ్డను బడి మాన్పించి, షెడ్డులో సహాయకుడుగా పెట్టు శోధన హథ్‌ఖోజ్ వంటి ప్రాంతములో బలమైనది. 14 సంవత్సరములలోపు బిడ్డను పనిలో పెట్టుట చట్టవిరుద్ధము. 18 నిండనివానిని అపాయకరమైన పనిలో పెట్టుటయు చట్టవిరుద్ధమే. యంత్రముల నడుమ హెచ్చరిక బల్లను చదువలేనివానికిని, ఆజ్ఞను సగమే గ్రహించువానికిని అపాయము రెట్టింపగును. ఆడుబిడ్డయైనచో వంటపనికో తొందరపడి చేయు వివాహమునకో త్రోయబడును. జీతపు చీటీ చదువుట, చిల్లర లెక్కించుట, ఫోనులో రహస్య సంఖ్య అడుగు మోసగానికి చెప్పకుండుట, సంతకము చేయకముందు అడిగి తెలిసికొనుట, ఈ విద్య లేక లోకములోనికి పంపబడినవానిని లోకము దోచుకొనును.

చివరకు మాట ఇంటివద్దకు వచ్చును. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానమున అయిదు తలాంతులు సంపాదించినవాడును, రెండు తలాంతులు సంపాదించినవాడును యజమానుని నోట ఒకే మెప్పును పొందిరి. రెండు తెచ్చినవానిని అయిదు ఏల తేలేదని ఆయన అడుగలేదు. ఒక్క తలాంతు గలవాడు గద్దింపబడినది తక్కువ కలిగియుండినందుకు కాదు, దానిని భయపడి పాతిపెట్టినందుకు. అయితే పాఠశాలలో చిన్న తలాంతును పాతిపెట్టునది బిడ్డయేనా? అనేక పర్యాయములు పెద్దలే తమ సిగ్గుచేత దానిని పాతిపెట్టుదురు. చుట్టముల బిడ్డతో పోల్చి పాతిపెట్టుదురు. వీనికి చదువు రాదను ఒక్క మాటతో పాతిపెట్టుదురు. పలుమారులు ఆ మాట వినిన బిడ్డ దానినే సత్యమని నమ్మును. అటుపిమ్మట ఉన్న శక్తిని సహితము వాడుటకు భయపడును.

ప్రతి బిడ్డయు పట్టభద్రుడగునని చెప్పుట అబద్ధము. అట్టి అబద్ధము ప్రేమ కాదు. కొందరికి గణితము కష్టముగానే నిలిచిపోవును. అయితే చదువుట, లెక్కించుట, నమ్మకముగా పనిచేయుట, తోడివారితో తలయెత్తి నడుచుట, ఇవి తగిన కాలము దొరికినయెడల వీరిలో అత్యధికులకు అందునవే. అందని దానికొరకు బిడ్డను కొట్టుట క్రూరత్వము. అందగలిగిన దానిని కాలములేదని ఇవ్వకుండుట దోపిడి. ఏ ధ్రువపత్రమును, ఏ గీతయు, ఏ అంకెయు ఉపాధ్యాయుని, తలిదండ్రులను, పొరుగువారిని ఈ బాధ్యతనుండి విడిపింపజాలవు. ఈ సంవత్సరమున బడి తెరచునప్పుడు ప్రతి తరగతిలోను అయిదుగురు అట్టి పిల్లలు కూర్చుండియుందురు. వారి పేర్లు ఎరిగి, వారి ప్రక్కన కూర్చుండి, వారి నడకనుబట్టి ఒక్కొక్క అడుగు వేయింపగలవారు ప్రతి ఊరిలోను, ప్రతి సంఘములోను లేచుదురు గాక.